బాదం చెట్టు లేని బొమ్మ

ఆ ఆదివారం మా ఆయన తోటకి వెళ్లిన పావుగంటకే తిరిగొచ్చేశారు. మామూలుగా అయితే పొద్దున్నే ఖాళీ రంగు డబ్బా ఒకటి చంకన పెట్టుకుని బయల్దేరితే, ఎండ నడినెత్తికొచ్చి కడుపులో ఎలుకలు పరిగెడితే గానీ ఇంటి మొహం చూడరు. ఆ డబ్బా ఆయన సింహాసనం. తోటలో దాన్ని బోర్లించుకుని కూర్చుని బొమ్మలేస్తారు. ఆ రోజు దాన్ని మా ముందుగదిలోనే బోర్లించి కూర్చున్నారు, నాలుగు కుర్చీలు ఖాళీగా ఉండగా.

నేను కుట్టుమిషను ఆపేశాను. "ఏమండీ, గేటు తియ్యలేదా?" అన్నాను. గ్లాసుతో నీళ్లిస్తే అందుకుని, తాగడం మర్చిపోయి, అలాగే పట్టుకుని కూర్చున్నారు.

"చెట్టు లేదే," అన్నారు చివరికి.

"ఏ చెట్టండీ?"

"బాదం చెట్టు. కొట్టేశారు. మొదలు మాత్రం ఉంది, ఇంత ఎత్తు." మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించారు.

ఆ చెట్టుని నేను చూసింది అయిదారుసార్లే. బొమ్మల్లో మాత్రం దాన్ని నా వేలి గోళ్లంత బాగా ఎరుగుదును. ఎనిమిదేళ్లుగా అది మా ఇంట్లో ఒక మనిషిలాగే ఉంది.

మా ఆయన్ని అందరూ బోర్డుల మాస్టారంటారు. ఆయన ఎక్కడా పాఠం చెప్పింది లేదు. పదహారో ఏట బోర్డులు రాసేవాడి దగ్గర చేరి, అప్పట్నుంచి ముప్పై ఏళ్లకి పైగా అక్షరాలే రాశారు. మందుల షాపులు, సైకిలు షాపులు, డాక్టర్ల బోర్డులు. ఈయన చేత్తో రాసిన 'క్ష' చూస్తే ముద్దొస్తుంది, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. ఏడాది తిరిగేసరికి పనంతా ఊడ్చిపెట్టుకుపోయింది. మిగిలింది నీటి సరఫరా ఆఫీసు ఒక్కటే. వాటర్ ట్యాంకు మీద నంబరు, వాల్వు గది తలుపు మీద హెచ్చరిక, ఇవి ఫ్లెక్సీతో అయ్యే పనులు కావు కదా.

ఆయనకి నలభై తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఒకరోజు ట్యాంకు మీద నంబరు రాస్తూ, నిచ్చెన మీంచి కిందకి చూశారట. ఆఫీసు వెనక చిన్న తోట ఉంది, నడుమ బాదం చెట్టు. ఆకులు రాలే ముందు ఎర్రబారే కాలం అది. ఒకే కొమ్మకి పచ్చాకు, పసుప్పచ్చాకు, ఎర్రాకు పక్కపక్కనే ఉన్నాయి. నంబరు సగంలో ఆపేసి, ఒక ఆకు తెంపుకుని ఇంటికొచ్చారు.

"ఆకుపచ్చలు ఎన్నుంటాయో తెలుసా నీకు?" అని అడిగారు.

"ఎన్నుంటాయి?"

"పధ్నాలుగు దాకా లెక్కపెట్టాను. ఇంతలో ఎండ జరిగింది. మళ్లీ మొదటికొచ్చింది."

వడదెబ్బ తగిలిందనుకుని నెత్తిన తడిగుడ్డ వేశాను. ఆ గుడ్డతోనే కూర్చుని, ఒక అట్టముక్క మీద బాదం ఆకు ఒకటి వేశారు. అక్షరాలు తప్ప ఆయన చేతి నుంచి వచ్చిన మొదటి వస్తువు అదే. తెచ్చిన ఆకు ఎండి పొడైపోయింది గానీ, ఆ అట్టముక్క ఇప్పటికీ నా సూదుల డబ్బాలో ఉంది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ తోటవే. ముందు గంటసేపు ఊరికే చూస్తారు. తర్వాత ఒక ఆకు తెంపి, కలిపిన రంగు పక్కన పెట్టి, రంగు సరిపోలేదంటే మళ్లీ కలుపుతారు. "తోటలో లేనిది నా బొమ్మలో ఉండదు" అనేది ఆయన గొప్ప. అందులో ఒక చిన్న మినహాయింపుందని నాకు తెలుసు. బోర్డులు రాసే చేతికి ఖాళీ మూల కనబడితే దురద. షాపు బోర్డు మీదైతే ఆ మూలన ఫోను నంబరో, ఒక పువ్వో పెట్టేస్తారు. బొమ్మల్లోనూ అంతే, మూల బోసిగా ఉందనిపిస్తే నాలుగు పూలు అతికించేస్తారు. వింతేమిటంటే, మరుసటేడు నిజం తోటలో సరిగ్గా ఆ మూలన ఆ పూలే పూసేవి.

"చూశావా! ప్రకృతికీ నాకూ ఒకటే ఆలోచన," అని మురిసిపోయేవారు.

"ఇద్దరూ కలిసి కాస్త ఇంటి సున్నం గురించి కూడా ఆలోచించండి," అనేదాన్ని నేను.

అప్పటి ఇంజనీరు గారు ఒకసారి ఆయన వెనక నిలబడి చూసి, ఆ బొమ్మ ఆఫీసుకి కావాలని అడిగి తీసుకుని, ఫ్రేము కట్టించి వరండాలో పెట్టించారు. అప్పట్నుంచి ఏటా వానలు వెళ్లాక ఒక తోట బొమ్మ ఆఫీసుకి చేరడం ఆనవాయితీ అయింది. పాతది పక్క మేకుకి జరుగుతుంది, కొత్తది దాని చోటికి వస్తుంది. ఎనిమిదేళ్లు, ఎనిమిది బొమ్మలు, అన్నింట్లో నడుమ బాదం చెట్టు.

తొమ్మిదోది ఈ ఏడు వేశారు. దాన్ని మెరుగులు దిద్దడానికి ఇంటికి తెచ్చినప్పుడు నేను నోరు పారేసుకున్నాను. నా నోటి సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

"ఏళ్ల తరబడి అదే చెట్టా? నట్టనడుమ అడ్డంగా నిలబడి వెనకున్నదేదీ కనబడనివ్వదు. ఈసారి దాన్ని తీసిపారెయ్యండి, కాస్త వెలుగొస్తుంది."

ఆయన రెండ్రోజులు మూతి ముడుచుకున్నారు. మూడోరోజు చెట్టు చెరిపేశారు. చెట్టున్నచోట ఎండ వేశారు. నిజం చెప్పొద్దూ, తొమ్మిదింట్లోకీ అదే బాగుంది. నేనే దగ్గరుండి పాతచీర చుట్టి ఆఫీసుకి పంపించాను.

ఆ తర్వాత పదిరోజులకి వచ్చిన ఆదివారమే నేను మొదట చెప్పింది.

సోమవారం పొద్దున తోటమాలి మా ఇంటికొచ్చాడు. మా ఆయన ఈడువాడే, అయినా నన్ను అక్కా అంటాడు. పాతికేళ్ల కిందట పైపులైను గుంటలు తవ్వే పనిలో చేరాడు. నడుం దెబ్బతిన్నాక తోటకి మార్చారు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. చదువు రాదు. చేతిలో ఒక కాగితం పట్టుకుని, చెప్పులు గుమ్మం అవతలే విడిచి నిలబడ్డాడు.

"ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టక్కా. గుమాస్తా బాబు చదువుతుంటే సగమే అర్థమైంది. చెవుల్లో హోరు."

చదివాను. అనుమతి లేకుండా ఆఫీసు ఆవరణలో చెట్టు నరికినందుకు నిన్ను ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో వారంలోగా చెప్పు అని ఆ మెమో సారాంశం. కొత్త ఇంజనీరు గారు శనివారం సెలవు నుంచి వచ్చేసరికి చెట్టు లేదట, వెంటనే ఇది ఇచ్చారట. ఉద్యోగం పోతే పింఛను కూడా ఉండదు.

నాకు ఒళ్లు మండింది. "నువ్వా కొట్టింది? మతి ఉండే చేశావా తమ్ముడూ?"

అతను నావంక తెల్లబోయి చూశాడు. "అదేంటక్కా అలా అంటావు. షీటులో లేదుగా?"

"ఏ షీటులో?"

"మాస్టారి షీటులో. ఈ ఏడు వచ్చిందిగా. చెట్టు తీసేసి ఎండ వేశారుగా."

లోపలి గదిలోంచి మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

అతను మాకు విడమర్చి చెప్పాడు, ఏదో మాకు తెలిసిన సంగతే గుర్తుచేస్తున్నట్టు. ఆఫీసు వరండాలో ఆ గోడంతా ప్లాన్లే. పైపులైన్ల ప్లాను, మోటారు గది ప్లాను, ట్యాంకు ప్లాను, అన్నీ అద్దాల ఫ్రేముల్లో ఉంటాయి. గుంటలు తవ్వే రోజుల్లో మేస్త్రీ రోజూ పొద్దున వాళ్లని ఆ గోడ ముందు నిలబెట్టి చెప్పేవాడట. షీటులో ఉంటే పెట్టాలి, షీటులో లేకపోతే పీకెయ్యాలి, సొంత తెలివి వద్దు. చదువు రాకపోయినా షీటు చూస్తే అతనికి పని అర్థమవుతుంది. తోటకి మారాక, తోటకీ షీటు ఉంటే బాగుండునని అనుకునేవాడట. ఒకరోజు అదే గోడ మీద, అదే వరసలో తోట షీటు వచ్చింది.

"అప్పట్నుంచీ మీరు వేసినట్టే పెంచుతున్నాను మాస్టారూ. ఏడాదికోసారి కొత్త షీటు రాగానే రెండ్రోజులు దాని ముందే నిలబడి చూసుకుంటాను. ఎప్పుడైనా ఒక్క పువ్వు తేడా పెట్టానా?"

మా ఆయన తలుపు పట్టుకున్నారు. ఆ చెట్టుని తీసిపారెయ్యమన్నది నేను. అది ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఎదురుగా నిలబడ్డవాడికి తెలియదు.

"నువ్వెళ్లు తమ్ముడూ. రేపు మేమిద్దరం ఆఫీసుకొస్తాం," అన్నాను.

మంగళవారం వెళ్లాం. కొత్త ఇంజనీరు గారికి ముప్పై అయిదుంటాయి. కుర్చీలేశారు. తోటమాలిని మాత్రం గేటు దగ్గర ఉండమన్నారు. మా ఆయన కూర్చోలేదు. తిన్నగా వరండాలోకి నడిచి, మొదటి బొమ్మ ముందు నిలబడ్డారు. ఆ గోడకి ఎదురుగా కిటికీలున్నాయి, కిటికీల్లోంచి తోట కనబడుతుంది. ఒకసారి బొమ్మ చూస్తారు, ఒకసారి వెనక్కి తిరిగి తోట చూస్తారు. అలా ఒక్కో బొమ్మ దాటుతూ మూడోదాని దగ్గర ఆగారు.

"ఈ మెట్టతామరలు అక్కడ లేవు," అన్నారు నాతో. "మూల ఖాళీగా ఉందని నేనే పెట్టాను."

నాలుగో బొమ్మలో అవే మెట్టతామరలు ఉన్నాయి. అవి ఆయన చూసి వేసినవి. కిటికీలోంచి చూస్తే ఇప్పటికీ ఎర్రగా అక్కడే ఉన్నాయి. అయిదో బొమ్మలో గోడవార కాగితం పూల తీగ ఆయన కల్పించిందే. బయట గోడవార తీగ ఉంది. ఆరో బొమ్మలో నడకదారి కాస్త వంచారట, తిన్నగా ఉంటే బాగుండలేదని. బయట దారి వంగే ఉంది. నడుం విరిగిన మనిషి ఒక్కో రాయీ పీకి ఆ దారిని వంచాడు. మేమెవ్వరం చూడలేదు.

మా ఆయన నిలువునా నీరైపోయారు. "ఇన్నేళ్లూ నేను తోటని చూసి వేస్తున్నాననుకున్నానే. అతను నన్ను చూసి పెంచాడు. నేను చూసింది నా బొమ్మనే," అన్నారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను.

ఇంజనీరు గారు మా వెనకే వచ్చి ఇదంతా విన్నారు. మాలి వీటిని షీట్లనుకున్న సంగతి నేను చెబితే తల అడ్డంగా ఊపారు.

"మీ బాధ అర్థమైంది గానీ, నేను చెయ్యగలిగింది లేదండీ. బొమ్మకీ ప్లానుకీ తేడా తెలియదంటే ఎవరు నమ్ముతారు? పైవాళ్లు నన్నడుగుతారు, అనుమతి ఏదీ అని. ఏం చూపించను?"

"ప్లాన్ల గోడకి బొమ్మలు తగిలించిందెవరు?" అన్నాను.

"నాకు ముందున్నవాళ్లు."

"తొమ్మిదోది మీ హయాంలోదే కదా?"

"ఏదో ఆనవాయితీ అన్నారు, తగిలించారు. దానికీ దీనికీ సంబంధం ఏముందమ్మా?"

నాకు కోపం నషాళానికెక్కింది. "సంబంధం లేనప్పుడు మా బొమ్మ మాకిచ్చెయ్యండి!" అని గోడ మీది తొమ్మిదో ఫ్రేముని రెండు చేతులతో ఎత్తి మేకు నుంచి లాగేశాను. గుమాస్తా "అమ్మా, అమ్మా" అంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ గుంజులాటలో ఫ్రేము బోర్లా తిరిగింది.

వెనక అట్ట మీద ఊదా రంగు ముద్ర ఉంది. ముద్ర కింద ఇలా ఉంది: 'పరిశీలించి ఆమోదించడమైనది. అమలు చేయవలెను.' దాని కింద సంతకం, తేదీ.

ఇంజనీరు గారు దగ్గరికొచ్చి చూశారు. ఇంకొంచెం వంగి చూశారు.

"ఇది నా సంతకం," అన్నారు.

"అవునండీ," అన్నాడు గుమాస్తా, నెత్తి గోక్కుంటూ. "ఈ గోడెక్కే ప్రతి కాగితానికీ వెనక ముద్ర ఉండాలని పాత సారు పెట్టిన రూలండీ. సంతకాల కట్టలో పెట్టాను. మీరు చేశారు."

మిగతా ఎనిమిదీ తిప్పి చూశాం. అన్నింటికీ ముద్ర ఉంది, అన్నింటి మీదా 'అమలు చేయవలెను' అనే ఉంది. గుమాస్తా నెమ్మదిగా ఇంకో మాట చెప్పాడు.

"కొట్టే ముందు మాలి నన్ను మూడుసార్లు అడిగాడండీ. సారు సంతకం అయిందా, నిజంగానే అయిందా, ఇంకోసారి చూసి చెప్పు బాబూ అని. పనిలో ఉండి, అయింది పోవయ్యా అన్నాను. దేని గురించో అడగలేదు."

ఇంజనీరు గారు గదిలోకి వెళ్లి కూర్చుని, ఆ మెమో ఆఫీసు కాపీ తెప్పించుకున్నారు. తర్వాత దాన్ని అడ్డంగా కొట్టేసి, చెట్టు ఆమోదించిన షీటు ప్రకారమే తీయడమైనది అని రాసి, కింద సంతకం పెట్టారు. ఈసారి రెండుసార్లు చదివి మరీ పెట్టారు. ఆ బొమ్మలోంచి చెట్టు తీసిపారెయ్యమన్నదెవరు అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను. అడగలేదు కదా అని ఊరుకున్నాను.

బయటికొచ్చాం. తోటమాలి గేటు దగ్గర లేడు. తోటలో, చెట్టు మొదలు దగ్గర చతికిలబడి, గొడ్డలి దెబ్బలకి లేచిన చెక్కపేళ్లు ఒక్కొక్కటీ ఏరి గంపలో వేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు.

"కూర్చోవయ్యా," అన్నారు మా ఆయన. "నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. మెమో కొట్టేశారు. షీటు ప్రకారమే చేశావని రాశారు."

అతను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. కాసేపటికి చేతులు తీసి, పైగుడ్డతో మొహం తుడుచుకుని, మా ఆయన వంక చూశాడు.

"ఒక్కటి అడగొచ్చా మాస్టారూ? ఇన్నేళ్లలో మీరు పెట్టమన్నవి పెట్టాను, వంచమన్నవి వంచాను. ఎప్పుడూ ఎందుకని అడగలేదు. దీన్నెందుకు తియ్యమన్నారు?"

తియ్యమని ఎవరూ చెప్పలేదు, అదొక బొమ్మ మాత్రమేనయ్యా అని చెబితే, ఈ మనిషి ఏమైపోతాడు? ఎవరూ అడక్కుండానే, తనంతట తానే ఆ చెట్టుని చంపుకున్నాడని తెలిస్తే? మా ఆయన కూడా అదే ఆలోచిస్తున్నారని ఆయన కణతల మీది నరం చూస్తే తెలుస్తోంది.

"వెనకున్నదేదీ కనబడటం లేదని," అన్నారు.

"అంతేనా?"

"అంతే. నేనే తియ్యాలనుకున్నాను. కాస్త వెలుగొస్తుందని."

ముప్పై రెండేళ్ల కాపురంలో ఆయన అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. ఆ అబద్ధంలో మాటలన్నీ నావే. ఆయన నావైపు చూడలేదు.

తోటమాలి చెట్టు మొదలు మీద చెయ్యి వేశాడు. గొంతు మామూలుగానే ఉంది.

"పదిహేడేళ్లు దీని కిందే అన్నం తిన్నాను మాస్టారూ. కొట్టడానికి మూడు రోజులు పట్టింది. మొదటిరోజు ఒక్క దెబ్బ కూడా వెయ్యలేకపోయాను. మీరు చెప్పారు కదా అని వేశాను. మీకింత చూపుంది, ఇది తెలియలేదా? మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇక మీ షీట్లు నేను చూడను. ఎనిమిది నెలలేగా, ఎలాగో గడిపేస్తాను."

మా ఆయన తల ఊపారు. కాదనలేదు. చేతిలో ఏదో ఉన్నట్టు వేళ్లు ముడుచుకుని నిలబడ్డారు.

అతను నావైపు తిరిగాడు.

"అక్కా, ఆయన నీ మాట వింటారుగా. నువ్వైనా వద్దని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

నేను షాపులవాళ్లతో తగువులాడాను, కండక్టర్లతో ఆడాను, అరగంట కిందటే ఇంజనీరు మీద విరుచుకుపడ్డాను. ఆ పూట మాత్రం నా నోరు పెగల్లేదు. 'ఆయన కాదు, నేను' అనడానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ మూసుకున్నాను. అతను నా జవాబు కోసం కాసేపు చూశాడు. తర్వాత గంప నెత్తికెత్తుకుని, వంకర దారి వెంట మోటారు గది వైపు వెళ్లిపోయాడు.

మేమిద్దరం ఇంటికి నడిచొచ్చాం. దారిలో ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు.